41 ఏళ్ళ నిరీక్షణ: ఇమాన్యుయెల్ సెల్లర్ శాసన జీవితం



అమెరికాలో కొడుకో, కూతురో, మేనల్లుడో ఉన్న ఇళ్ళు ఇప్పుడు మనవాళ్ళలో చాలానే ఉన్నాయి. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం, ఏ ఊరి తెలుగువారిని కదిపినా ఒకరిద్దరి పేర్లు చెబుతారు. వెళ్ళినవారి చదువు గురించీ, పడ్డ కష్టం గురించీ మనం తరచుగా మాట్లాడుకుంటాం. వారిని ఆ దేశంలోకి రానిచ్చిన చట్టం గురించి మాత్రం ఎక్కడో గాని మాట వినిపించదు. ఆ చట్టం 1965లో వచ్చింది. దానిని ఇద్దరు శాసనకర్తల పేర్లతో పిలుస్తారు. ఒకరు సెనేట్ సభ్యుడు ఫిలిప్ హార్ట్. రెండోవారు ప్రతినిధుల సభ సభ్యుడు ఇమాన్యుయెల్ సెల్లర్. ఆ సెల్లర్ శాసన జీవితాన్ని ఈనాటి ప్రసంగంలో పరిశీలిద్దాం. ఒక శాసనసభ్యుడు ఒకే స్థానంలో దాదాపు 50 ఏళ్ళు కూర్చుంటే దానివల్ల ఏమి సాధ్యమవుతుంది, ఏమి చెడుతుంది అనే రెండు ప్రశ్నలకూ ఆయన జీవితంలో జవాబు ఉంది.

ముందుగా రెండు ముక్కలు అమెరికా చట్టసభ గురించి. దానిని కాంగ్రెస్ అంటారు. అందులో మన లోక్‌సభ లాగా ప్రజలు నియోజకవర్గాల వారీగా ఎన్నుకునేది ప్రతినిధుల సభ. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున ఉండేది సెనేట్. ప్రతినిధుల సభ సభ్యుడి పదవీకాలం రెండేళ్ళే. అంటే రెండేళ్ళకొకసారి ఓటరు ముందుకు వెళ్ళి నిలబడవలసిందే. సెల్లర్ 1922లో మొదటిసారి గెలిచారు. 1923 మార్చి నుంచి 1973 జనవరి దాకా సభ్యుడిగా ఉన్నారు. వరుసగా 25 సార్లు ఎన్నికయ్యారన్నమాట.

ఆయన 1888 మే 6న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తాత ముత్తాతలు జర్మనీ నుంచి వలస వచ్చినవారు. కుటుంబం యూదు మతానికి చెందినది. తండ్రిది మద్యం వ్యాపారం. సెల్లర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే తండ్రి మరణించారు. కొద్ది నెలల్లోనే తల్లీ పోయింది. ఇంటి భారం ఆ కుర్రవాడి మీద పడింది. పొద్దున తరగతులకు వెళ్ళి, మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరిగి ద్రాక్షసారా అమ్మి, అలాగే చదువు సాగించారు. 1912లో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. ఆయన చుట్టూ ఉన్న బ్రూక్లిన్ వలస వచ్చినవారి ఊరు. ఇటలీవాళ్ళు, రష్యా, పోలండ్ దేశాల యూదులు, ఐర్లండ్‌వాళ్ళు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష. ఆ సంగతి మనకు వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

డెమోక్రాటిక్ పార్టీ తరఫున ఆయన సభలో అడుగుపెట్టిన కొద్ది నెలలకే వలసల మీద ఒక పెద్ద బిల్లు చర్చకు వచ్చింది. దాని లెక్కను కొంచెం నిదానంగా చూద్దాం. ఎందుకంటే ఆ లెక్కలోనే దాని మోసమంతా ఉంది.

ఒక్కొక్క దేశం నుంచి ఏటా ఇంతమందినే రానివ్వాలని ఆ బిల్లు అంటుంది. ఎంతమందిని? ఆ దేశంలో పుట్టి అమెరికాలో ఉంటున్నవారు ఎందరో జనాభా లెక్కల్లో చూసి, వారిలో నూటికి ఇద్దరి చొప్పున. ఒక దేశం వాళ్ళు లక్షమంది ఉంటే 2,000 మందికి అనుమతి. వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఏ సంవత్సరపు జనాభా లెక్క తీసుకోవాలి? 1924లో కూర్చుని చట్టం చేస్తూ 1920 లెక్కను కాదని, 1910 లెక్కను కాదని, 34 ఏళ్ళ కిందటి 1890 లెక్కను తీసుకున్నారు. కారణం ఒకటే. ఇటలీవాళ్ళు, పోలండ్‌వాళ్ళు, రష్యా యూదులు ఎక్కువగా 1890 తరువాత వచ్చినవారు. పాత లెక్క పట్టుకుంటే వారి సంఖ్య చాలా తక్కువగా కనిపిస్తుంది. చట్టంలో ఎవరినీ పేరు పెట్టి తిట్టనక్కరలేదు. సంవత్సరం మారిస్తే చాలు. 1921 నాటి చట్టం ప్రకారం ఇటలీకి ఏటా 42 వేల పైచిలుకు కోటా ఉండేది. 1924 చట్టంతో అది 4 వేలకన్నా తక్కువకు దిగింది. జర్మనీకి మాత్రం 51 వేలు మిగిలాయి.

ఆసియావారి సంగతి ఇంకా కఠినం. 1917 నాటి చట్టమే మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. 1924 చట్టం మరొక మెట్టు ఎక్కి, అమెరికా పౌరసత్వానికి అర్హత లేని జాతులవారు అసలు వలసకే తగరని నిర్ణయించింది.

35 ఏళ్ళ కొత్త సభ్యుడు సెల్లర్ లేచి ఈ బిల్లును గట్టిగా ఎదిరించారు. సభలో ఆయన చేసిన మొదటి పెద్ద ప్రసంగం అదే. ఫలితం? 1924 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ 323 ఓట్లతో బిల్లును ఆమోదించింది. వ్యతిరేకంగా పడినవి 71. అంత తేడాతో ఓడిపోయిన విషయాన్ని మామూలుగా ఎవరైనా వదిలేస్తారు. సెల్లర్ వదలలేదు.

పౌరసత్వానికి అర్హత లేని జాతులు అన్నాను. అందులో మనవాళ్ళు ఎలా చేరారో చెప్పాలి. ఆ రోజుల్లో అమెరికా చట్టం ప్రకారం పుట్టుకతో కాక దరఖాస్తు ద్వారా పౌరుడు కావాలంటే తెల్లవాడైనా కావాలి, ఆఫ్రికా సంతతివాడైనా కావాలి. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, తనకు పౌరసత్వం ఇవ్వాలని కోర్టుకెక్కాడు. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు అతను తెల్లవాడు కాడని తీర్పు చెప్పింది. సెల్లర్ పదవీకాలం మొదలవడానికి రెండు వారాల ముందు వచ్చిన తీర్పు ఇది. అంతటితో ఆగలేదు. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా ప్రభుత్వం దానిని వెనక్కు లాక్కోవడం మొదలుపెట్టింది.

అలా పోగొట్టుకున్నవారిలో వైష్ణోదాస్ బాగాయ్ ఒకరు. 1915లో భార్య కళా బాగాయ్‌తో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి దుకాణం పెట్టుకున్నవారు. అమెరికావాడినే అయిపోయాననుకున్నారు. పౌరసత్వం రద్దయింది. పౌరుడు కానివాడికి కాలిఫోర్నియాలో ఆస్తి మీద హక్కూ నిలవలేదు. మాతృదేశం చూసి రావాలంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు, బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళమన్నారు. ఏ దేశమూ తనది కాకుండా పోయిన ఆ మనిషి 1928లో ఆత్మహత్య చేసుకున్నారు.

తెలుగువారికి బాగా తెలిసిన పేరు మరొకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో చదువు కోసం అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. ఫోలిక్ ఆమ్లం మీద, క్యాన్సర్ మందుల మీద ఆయన నడిపిన పరిశోధన లక్షల ప్రాణాలు నిలిపింది. జీవితంలో సగభాగం అమెరికాకు ధారపోసిన ఆ శాస్త్రవేత్తకు చాలాకాలం ఆ దేశ పౌరుడయ్యే అర్హత లేదు. పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. ప్రతిభ ఎంత ఉన్నా చట్టంలో చోటు లేనివాడి పరిస్థితి అది.

1930లలో ఈ చట్టం ఎంత ప్రాణాంతకమో తేలిపోయింది. జర్మనీలో హిట్లర్ రాజ్యం వచ్చాక యూదులు ప్రాణాలు దక్కించుకోవడానికి పరుగెత్తారు. కోటాల గోడ వారికి అడ్డు నిలిచింది. 1939లో సెయింట్ లూయీ అనే ఓడ 900 మందికి పైగా యూదు శరణార్థులతో అట్లాంటిక్ దాటి వచ్చింది. క్యూబా దిగనివ్వలేదు. అమెరికా కూడా దిగనివ్వలేదు. ఓడ యూరప్‌కు తిరిగి వెళ్ళింది. అందులో 250 మందికి పైగా తరువాత నాజీల చేతిలో బలైపోయారు. శరణార్థుల కోసం చట్టాన్ని సడలించాలని సెల్లర్ సభలో పదేపదే అడిగారు. తన సొంత పార్టీ ప్రభుత్వాన్నే విమర్శించారు. పెద్దగా ఫలితం రాలేదు. తరువాతి కాలంలో వలస చట్టం అనగానే ఆయనకు ఎందుకంత పట్టుదల కలిగేదో ఈ సంవత్సరాలు చూస్తే అర్థమవుతుంది.

పూర్తిగా తెరవలేని తలుపును కొంచెమైనా తెరిపించడం శాసనసభ్యుడు నేర్చుకోవలసిన విద్య. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సెల్లర్ ఆ దారి పట్టారు. యుద్ధంలో చైనా మిత్రదేశం కాబట్టి 1943లో చైనీయుల మీద నిషేధం ఎత్తివేశారు. అదే వాదన భారతీయులకూ వర్తించాలని అమెరికాలో ఉన్న మనవాళ్ళు పట్టుబట్టారు. జె.జె. సింగ్ అనే వ్యాపారి ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా అనే సంస్థ ద్వారా కాంగ్రెస్ సభ్యుల గదుల చుట్టూ తిరిగారు. సెల్లర్, రిపబ్లికన్ పార్టీ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్ కలిసి బిల్లు తెచ్చారు. పార్టీలు వేరైనా పని ఒక్కటి. 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ దాని మీద సంతకం చేశారు.

దానివల్ల మనకు వచ్చిందేమిటి? ఏటా 100 మందికి వలస అనుమతి. అదే కాలంలో బ్రిటన్ కోటా 65 వేల పైన. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కాని ఆ చట్టంలో రెండో భాగం ఉంది. భారతీయులకు పౌరసత్వానికి అర్హత వచ్చింది. 100 అనే అంకె కన్నా అది విలువైనది. కళా బాగాయ్ ఆ చట్టం వచ్చాకే అమెరికా పౌరురాలయ్యారు. దలీప్ సింగ్ సౌంద్ అనే రైతు 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియా నుంచి ప్రతినిధుల సభకే ఎన్నికయ్యారు. కాంగ్రెస్‌లో కూర్చున్న తొలి ఆసియా సంతతి సభ్యుడు ఆయనే. బిల్లు తెచ్చిన సెల్లర్, దానివల్ల పౌరుడైన సౌంద్, ఇద్దరూ ఒకే సభలో సభ్యులయ్యారు.

1949లో సెల్లర్ ప్రతినిధుల సభలో న్యాయవ్యవహారాల కమిటీకి అధ్యక్షుడయ్యారు. మధ్యలో రెండేళ్ళు తప్పించి 1973 దాకా ఆ కుర్చీ ఆయనదే. ఇక్కడ కమిటీ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మన దేశంలో శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో వచ్చాయి. బిల్లును వాటికి పంపవచ్చు, పంపకపోవచ్చు. అమెరికాలో అలా కాదు. దాదాపు ప్రతి బిల్లూ ముందు కమిటీకే వెళుతుంది. కమిటీ అధ్యక్షుడు దానిని చర్చకు తీసుకోకపోతే అది అక్కడే పడి ఉంటుంది. వేల బిల్లులు ప్రతి సభాకాలంలోనూ అలాగే నిశ్శబ్దంగా చచ్చిపోతాయి. ఆ రోజుల్లో అధ్యక్ష పదవి ఎక్కువకాలం కమిటీలో ఉన్నవారికి దక్కేది. అందుకే మళ్ళీ మళ్ళీ గెలవడం అంత ముఖ్యమయింది.

ఆ కుర్చీలోంచి ఆయన చేసిన మొదటి పెద్ద పని 1950లో వచ్చిన సెల్లర్–కెఫావర్ చట్టం. పెద్ద కంపెనీలు పోటీని చంపడానికి చిన్న కంపెనీలను మింగకుండా 1914లోనే ఒక చట్టం ఉంది. అయితే అది వాటాలు కొనడాన్నే అడ్డుకుంది. కంపెనీలు వాటాలు కొనడం మానేసి యంత్రాలు, భవనాలు, ఆస్తులు కొనేసేవి. పని మాత్రం అదే జరిగిపోయేది. ఆ కంతను 1950 చట్టం పూడ్చింది.

అయితే అధ్యక్షుడైనంత మాత్రాన అన్నీ చేతిలోకి రావు. ఆయన కమిటీలోనే వలసల ఉపసంఘం ఫ్రాన్సిస్ వాల్టర్ అనే సభ్యుడి చేతిలో ఉంది. వాల్టర్ పాత కోటాలకు గట్టి సమర్థకుడు. 1952లో మెకారన్–వాల్టర్ చట్టం వచ్చింది. పౌరసత్వానికి జాతి అడ్డు కాదని అంటూనే, దేశాల వారీ కోటాలను అది యథాతథంగా ఉంచింది. సెల్లర్ వ్యతిరేకించారు. అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టనన్నారు. అయినా రెండు సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో దానిని చట్టం చేశాయి. సెల్లర్ మళ్ళీ ఓడిపోయారు. మళ్ళీ బిల్లులు రాశారు. 1963లో వాల్టర్ మరణించే దాకా అవి కదలలేదు.

ఈలోగా మరొక పెద్ద పోరాటం ఆయన కమిటీ గుమ్మంలోకి వచ్చింది. నల్లజాతివారి పౌరహక్కులు. 1963 జూన్‌లో అధ్యక్షుడు కెనెడీ ప్రతిపాదించిన బిల్లును సెల్లర్ సభలో ప్రవేశపెట్టారు. హోటళ్ళలో, సినిమాహాళ్ళలో, ఉద్యోగాల్లో రంగును బట్టి వివక్ష చూపరాదన్నది దాని సారాంశం. సెల్లర్ ఉపసంఘం దానిని ఇంకా గట్టి బిల్లుగా మార్చింది. అక్కడే చిక్కు వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల డెమోక్రాట్లు ఎలాగూ వ్యతిరేకం. కాబట్టి ప్రతిపక్ష రిపబ్లికన్ల ఓట్లు లేనిదే బిల్లు గట్టెక్కదు. మరీ గట్టిగా ఉంటే వాళ్ళు రారు. సెల్లర్ కొంత వెనక్కు తగ్గి, ఒహాయో రాష్ట్రపు రిపబ్లికన్ సభ్యుడు విలియం మెకల్లక్‌తో రాజీ కుదుర్చుకున్నారు. పౌరహక్కుల ఉద్యమంలో కొందరికి అది కోపం తెప్పించింది. కాని ఆ రాజీ వల్లనే బిల్లు బతికింది.

నవంబరులో కమిటీ నివేదిక సభకు చేరిన రెండు రోజులకు కెనెడీ హత్య జరిగింది. ఆ తరువాత బిల్లు నిబంధనల కమిటీలో ఆగింది. దాని అధ్యక్షుడు వర్జీనియా రాష్ట్రానికి చెందిన హోవర్డ్ స్మిత్, బిల్లుకు బద్ధవిరోధి. కమిటీని దాటవేసి బిల్లును నేరుగా సభకు తెప్పించే వినతిపత్రం మీద సెల్లర్ సంతకాల సేకరణ మొదలుపెట్టారు. ఒత్తిడికి స్మిత్ లొంగక తప్పలేదు. 1964 ఫిబ్రవరి 10న ప్రతినిధుల సభ 290 ఓట్లతో బిల్లును ఆమోదించింది. వ్యతిరేకం 130. సెనేట్‌లో సుదీర్ఘ పోరాటం తరువాత జూలై 2న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో అది చట్టమయింది. మరుసటి ఏడు ఓటుహక్కు చట్టాన్ని కూడా సభలో నడిపించింది సెల్లరే.

1964 ఎన్నికల్లో జాన్సన్ ఘనవిజయం సాధించారు. సభలో ఆయన పార్టీకి మూడింట రెండు వంతులకు మించిన బలం వచ్చింది. సెల్లర్ ఎదురుచూసిన అదను అదే. ఆయనకు అప్పటికి 77 ఏళ్ళు. వలస బిల్లు 1965 ఆగస్టులో సభలో 318 ఓట్లతో గెలిచింది. వ్యతిరేకంగా 95. అక్టోబరు 3న న్యూయార్క్ రేవులో స్వేచ్ఛాదేవి విగ్రహం దగ్గర జాన్సన్ దాని మీద సంతకం చేశారు. 1924లో ఓడిపోయిన వాదన 41 ఏళ్ళకు గెలిచింది.

కొత్త చట్టం పుట్టిన దేశాన్ని బట్టి తూచడం మానేసింది. తూర్పు అర్ధగోళానికి ఏటా 1,70,000, ఏ ఒక్క దేశానికీ 20,000 మించకుండా. అమెరికాలో కుటుంబ సభ్యులు ఉన్నవారికి మొదటి ప్రాధాన్యం. వృత్తి నిపుణులకూ, అక్కడ కొరతగా ఉన్న పనులు తెలిసినవారికీ కొంత భాగం. 1968 నుంచి అది పూర్తిగా అమలైంది.

ఇక్కడొక విచిత్రం ఉంది. దీనివల్ల ఆసియా, ఆఫ్రికాల నుంచి పెద్దగా ఎవరూ రారని చర్చలో సెల్లరే చెప్పారు. అమెరికాలో వారికి బంధువులు లేరు కదా, ఎవరి పిలుపు మీద వస్తారు అన్నది తర్కం. ఆయన లెక్క తప్పింది. వృత్తి నిపుణుల దారిలో మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళారు. పౌరులయ్యాక అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను పిలిపించుకున్నారు. భారతదేశంలో పుట్టి అమెరికాలో ఉంటున్నవారు 1960లో సుమారు 12 వేలు. 1980 నాటికి వారు 2 లక్షలు దాటారు. విశాఖపట్నం, గుంటూరు వైద్య కళాశాలల్లో చదివినవారు ఆ తొలి తరంలో ఎందరో. 1977లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ జరిగింది న్యూయార్క్‌లోనే, సెల్లర్ సొంత నగరంలో. ఆయన అప్పటికి జీవించే ఉన్నారు.

ఆ చట్టానికి మరొక ముఖమూ ఉంది. అంతవరకు సంఖ్యాపరిమితి లేని మెక్సికో, దక్షిణ అమెరికా దేశాలకు రాజీలో భాగంగా మొదటిసారి పరిమితి పెట్టారు. అనుమతి లేని వలసల సమస్యకు అది ఒక కారణమైంది. దేశానికి ఇంత అనే పరిమితి 1990 చట్టంలో నూటికి ఏడు వంతులుగా మారి ఇప్పటికీ ఉంది. మన పిల్లలు శాశ్వత నివాసం కార్డు కోసం ఏళ్ళూ పూళ్ళూ వరుసలో నిలబడడానికి మూలం అదే. చిన్న దేశానికీ పెద్ద దేశానికీ ఒకే పరిమితి పెట్టడం 1965లో సమానత్వంగా కనిపించింది. వరుసలో ఉన్నవారికి అలా కనిపించదు.

ఇంతవరకు చెప్పినదంతా ఒక వైపు. సెల్లర్ గురించి చెప్పేవారు రెండో వైపును కూడా దాచకూడదు.

1964లో పౌరహక్కుల బిల్లు చర్చలో హోవర్డ్ స్మిత్ ఒక సవరణ తెచ్చారు. ఉద్యోగాల్లో రంగును బట్టే కాదు, స్త్రీ అయిన కారణంగా కూడా వివక్ష కూడదని. బిల్లును వ్యతిరేకించే మనిషి తెచ్చిన సవరణ కాబట్టి ఇది బిల్లును ముంచే ఎత్తు అని సెల్లర్ అనుమానించారు. అనుమానించడం వరకు సబబే. కాని ఆయన తన ఇంట్లో చివరి మాట తనదేననీ, ఆ మాట భార్యతో సరే అనడమేననీ పరిహాసమాడారు. సభ నవ్వింది. మహిళా సభ్యులు నవ్వలేదు. మిషిగన్ సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్ లేచి, స్త్రీలకు రెండో తరగతి స్థానమే ఇస్తున్నారనడానికి ఈ నవ్వే సాక్ష్యమని అర్థం వచ్చేలా గట్టిగా సమాధానం చెప్పారు. సవరణ 168–133 ఓట్లతో నెగ్గింది.

అంతకన్నా పెద్ద విషయం స్త్రీ పురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణ. అది ఏళ్ళ తరబడి సెల్లర్ కమిటీలోనే పడి ఉంది. ఆయన దానిని విచారణకే తీసుకోలేదు. కార్మిక స్త్రీలకు ఉన్న ప్రత్యేక రక్షణలు పోతాయన్నది ఆయన వాదన. వాదన ఏదైనా, చర్చకే రానివ్వకపోవడం వేరు. 1963లో హోవర్డ్ స్మిత్ ఏ కమిటీ కుర్చీని అడ్డం పెట్టుకున్నారో, సెల్లర్ కూడా అలాంటి కుర్చీనే అడ్డం పెట్టుకున్నారు. చివరకు 1970లో గ్రిఫిత్స్, స్మిత్ మీద సెల్లర్ ప్రయోగించిన ఆ వినతిపత్రం ఆయుధాన్నే సెల్లర్ మీద ప్రయోగించారు. కావలసిన సంతకాలు సంపాదించి సవరణను సభ ముందుకు తెచ్చారు. సభ 352–15 ఓట్లతో ఆమోదించింది. గోడలు కూల్చడానికి జీవితం ధారపోసిన మనిషే ఒక గోడకు కాపలా కాశారు.

1972లో బ్రూక్లిన్ ఓటర్లు దానికి జవాబు చెప్పారు. డెమోక్రాటిక్ పార్టీలోనే అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలో ఎలిజబెత్ హోల్ట్స్‌మన్ అనే న్యాయవాది ఆయనకు పోటీగా నిలిచారు. ఆమెకు 30 ఏళ్ళు, ఆయనకు 84. ఆమెను ఆయన లెక్కచేయలేదు. పళ్ళపుల్లతో వాషింగ్టన్ స్మారక స్తంభాన్ని పడగొట్టాలని చూసినట్టుందని తీసిపారేశారు. హోల్ట్స్‌మన్ సినిమాహాళ్ళ ముందు, రైలు స్టేషన్ల ముందు నిలబడి ఓట్లు అడిగారు. సెల్లర్ నియోజకవర్గంలో కనిపించడమే అరుదని, సమాన హక్కుల సవరణను తొక్కిపెట్టారని, వియత్నాం యుద్ధాన్ని సమర్థించారని చెప్పారు. సుమారు 600 ఓట్ల తేడాతో గెలిచారు. దాదాపు 50 ఏళ్ళ శాసన జీవితం అక్కడ ముగిసింది. 1981 జనవరి 15న సెల్లర్ బ్రూక్లిన్‌లోనే కన్నుమూశారు.

ఆ ఓటమికి కొనసాగింపు ఒకటి ఉంది. హోల్ట్స్‌మన్ సెల్లర్ విడిచిన న్యాయవ్యవహారాల కమిటీలోనే సభ్యురాలయ్యారు. వలసల ఉపసంఘానికి అధ్యక్షురాలయ్యారు. సెనేట్‌లో ఎడ్వర్డ్ కెనెడీ, ప్రతినిధుల సభలో ఆమె కలిసి 1980లో శరణార్థుల చట్టం తెచ్చారు. ప్రాణభయంతో పారిపోయి వచ్చేవారికి అమెరికా చట్టంలో శాశ్వతమైన చోటు కల్పించింది ఆ చట్టం. 1939లో సెయింట్ లూయీ ఓడలోని మనుషులకు లేకపోయిన చోటు అదే. సెల్లర్ అడిగి సాధించలేకపోయిన పనిని, ఆయనను ఓడించిన స్త్రీ పూర్తిచేసింది.

శ్రోతలారా, ఒక సభ్యుడు సుదీర్ఘకాలం ఉంటే మంచిదా చెడ్డదా అని పిల్లలు వక్తృత్వ పోటీల్లో వాదించుకుంటూ ఉంటారు. సెల్లర్ జీవితం రెండు పక్షాలకూ ఆధారం ఇస్తుంది. ఆయన 1932లోనో 1942లోనో ఓడిపోయి ఉంటే 1924 నాటి అన్యాయాన్ని గుర్తుపెట్టుకుని అదను కోసం కనిపెట్టుకుని కూర్చునేవారు కమిటీలో ఉండేవారు కారేమో. ఆయన 1972లో కూడా గెలిచి ఉంటే ఆ కుర్చీ కొత్త ప్రశ్నలకు ఇంకొంత కాలం అడ్డుగానే ఉండేది. ఆయనను 25 సార్లు గెలిపించినవారూ, 26వసారి వద్దన్నవారూ బ్రూక్లిన్ ఓటర్లే.

మన ప్రతినిధుల విషయంలోనూ ఒక చిన్న పని మనం చేయవచ్చు. మన లోక్‌సభ సభ్యుడు ఎన్ని సభల్లో మాట్లాడారని మాత్రమే కాక, ఏ స్థాయీ సంఘంలో ఉన్నారు, అక్కడికి వెళుతున్నారా, ఓడిపోయిన ఏ విషయాన్ని మళ్ళీ ఎత్తుతున్నారు, ఎవరి మాటను వినకుండా వదిలేస్తున్నారు అని అడగవచ్చు. ఇంటి భాష ఒకటి, రాష్ట్రభాష మరొకటి అయిన మనలాంటి తక్కువ సంఖ్య వారికి ఈ ప్రశ్నలు మరింత అవసరం. జనాభా లెక్కలో ఏ సంవత్సరాన్ని ఎంచుకున్నారన్న చిన్న విషయం లక్షల మనుషుల భవిష్యత్తును ఎలా మార్చిందో ఇప్పుడే విన్నాం.